అన్న పేరున ఉన్న పలక

ముస్తాక్ అహ్మద్ రంగూన్ నుంచి ఒక్కడే తిరిగివచ్చి మా వాకిట్లో నిలబడ్డాడని చెప్పి, పోయిన వారం కథ ఆపాను. మా అన్న మాలకొండయ్య మాట మీద నాలుగేళ్ల కింద ఆ దేశం పోయిన ఆరుగురిలో అతనొకడు. వాకిట్లో అతను చెప్పింది ఒక్క మాటే. "నేను విడిచిపెట్టి వచ్చినప్పుడు అన్న బతికే ఉన్నాడు." ఆ మాట అని అరుగు పట్టుకుని కూలబడ్డాడు. అతని నాయన నాగూర్ వలి పరుగున వచ్చి, "వాడి కడుపులో గంజి పడనీ రంగన్నా. రేపు పొద్దున నేనే పిలుచుకొస్తా, అంతా చెప్తాడు" అని చంక కింద చెయ్యి వేసి నడిపించుకుపోయాడు.

తెల్లవారితే ఉగాది. చిత్రభాను సంవత్సరం.

రంగూన్ మీద బాంబులు పడి అప్పటికి మూడు నెలలు. జపాను వాళ్లు మద్రాసు దాకా వస్తారని ఒకరు, రాలేరని ఒకరు, మార్కాపురం సంతలో వారానికొక మాట. ఆ ఏడు పంచాంగం చదివిన అయ్యవారు, ఈ యేటి రాజెవరో చెప్పేటప్పుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడని ఊళ్లో నవ్వుకున్నారు. మా ఇంట్లో నవ్వడానికి ఎవరికీ మనసు లేదు.

మాది పలక రాయి పని. గనిలో నుంచి తెచ్చిన రాయికి ఉలి పెట్టి పొరలుగా చీల్చేది మా నాయన రంగయ్య. పొరలను నున్నగా అరగదీసేది మా అమ్మ వెంకటసుబ్బులమ్మ, మా వదిన కృష్ణవేణమ్మ. చెక్క చట్టాలు బిగించేది నేను; అన్న మాలకొండయ్య అయితే నేను ఉత్త కొండయ్యను. పలకలు చేసే ఇంట్లో అక్షరం వచ్చినవాళ్లం అన్నా నేనూ ఇద్దరమే. అన్న పోయాక నేనొక్కణ్ణే. అదీ మూడు తరగతులు.

మా ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. ఉగాది పచ్చడి తిన్నాక ఒక్కొక్కరూ ఆ ఏడాది తాము చేయదలచిన పని ఒకటి చెప్పాలి. నేను దాన్ని వారి పేరున ఉన్న పలక మీద బలపంతో రాయాలి. పలకలు నడవ గోడకు తగిలించాక మళ్లీ ఉగాది దాకా ఎవరూ రాత ముట్టకూడదు. సున్నం వేసేటప్పుడు కూడా చట్టం పట్టుకునే దించాలి, చట్టం పట్టుకునే తగిలించాలి. దాన్ని ఏటి మాట అంటాం. వానలు పడాలనో, రాయికి గిరాకీ రావాలనో చెబితే నాయన ఒప్పుకోడు.

"అది దేవుని పని. నీ చేతిలో ఉండేది చెప్పు" అంటాడు. "రేపేమయితాదో తెలిస్తే ఇంక మాటెందుకు? తెలీదు కాబట్టే ఒక మాట పట్టుకోవాల."

పని అయితే నాయన తడిగుడ్డతో తుడుస్తాడు. కాకపోతే ఆ రాత మరుసటి ఏడు కూడా అట్లాగే ఉంటుంది. పని కాకుండానే పలక తుడిచేది ఆ మనిషి చనిపోయినప్పుడు మాత్రమే. మా చెల్లెలు అమ్మవారు పోసి పోయినప్పుడు దాని పలక అమ్మ తుడిచింది. కనకాంబరం మొక్కలు పది పెంచాలని చెప్పింది అది. అప్పటికి అయిదు బతికాయి.

ఊళ్లో లేనివాళ్ల మాట ఇంటి పెద్ద చెప్పాలి. అదీ కట్టుబాటే. అన్న పోయినప్పటి నుంచి అన్న పేరున నాయనే చెబుతున్నాడు. నేను పలక మీద రాసి, అదే మాట కార్డు మీద రాసి రంగూన్ పంపుతున్నాను.

పొద్దు బారెడెక్కాక నాగూర్ వలి కొడుకును పిలుచుకుని వచ్చాడు. ఆ రోజు స్టేషనుకు పలకలు తోలాలి కాబట్టి కట్టలెత్తిన బండి కూడా తెచ్చి వీధిలో నిలిపాడు. ముస్తాక్ వాళ్ల నాయన చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కాలో మనిషి సగమే ఉన్నాడు. నడవలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ పచ్చడి గిన్నె ముందు పెడితే వేలితో తీసుకుని నాలుకకు రాసుకున్నాడు.

వలి గోడ మీది పలకల వైపు చూశాడు. ఆయనకు చదువు రాదు. అయినా మా ఇంట్లో ఎవరి మాట ఏదో వీధికంతా తెలుసు.

"ఏం సుబ్బులమ్మక్కా, పక్కింటి పాపమ్మతో ఏడాదంతా పోట్లాడనంటివే. ఉన్నావా?"

"దసరా దాకా ఉన్నా" అంది అమ్మ. "దసరా నాడు ఆమె కోడి మా ఇత్తనాల గంపలోకి వచ్చింది."

"కోడిదే తప్పు."

"కోడిదీ కాదు. ఆ గంప నేనే మూత పెట్టలే."

"కొండయ్య చేంతాడు పేనినాడు, చూసినా" అన్నాడు వలి నా వైపు తిరిగి. "మూడు తరగతులు చదివినోడు బావికి చేంతాడు పేనినాడు. ఈ ఏడు బొక్కెన చేస్తావేమో."

అట్లాంటివాటికి నేను జవాబు చెప్పను.

వదిన లోపలి గడప దగ్గర నిలబడి ఉంది. మూడు ఉగాదుల్లో ఆమె మాట ఒక్కటి కూడా తుడవకుండా మిగలలేదు. మొదటి ఏడు పాత చీరలతో పెద్ద బొంత కుట్టింది. రెండో ఏడు మెట్ట చేలో కంప అంతా తానే కొట్టి దున్నడానికి వీలు చేసింది. మూడో ఏడు పెరటి వైపు గది గోడలు మట్టితో లేపింది. ఇవి ఎవరి కోసమో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. ఇద్దరు పడుకునే బొంత అది.

నాయన దగ్గి, గొంతు సర్దుకుని, "ముందు మాటలు కానీ. తర్వాత ముస్తాక్ చెప్తాడు. కృష్ణవేణీ, నువ్వు చెప్పమ్మా" అన్నాడు.

"ముస్తాక్ చెప్పనీ మామా" అంది వదిన. "అది వినకుండా నేనేం చెప్పేది? ఎవరి కోసం చెప్పేది?"

బయటివాళ్లు ఉండగా ఆమె నాయనకు ఎదురు మాట చెప్పడం అదే మొదలు. నాయన తల ఊపాడు.

ముస్తాక్ మెల్లగా చెప్పాడు. మధ్యలో ఆగుతూ, నీళ్లు తాగుతూ చెప్పాడు.

"బాంబులు పడినాక మేం పనిచేసే మిల్లు మూసేసినారు మామా. పొదిలి ఊరోళ్లు నలుగురు, నేను, మన ఊరి ఏబేలు, అన్న. ఏడు మందిమి ఒకటిగా బయల్దేరినాం. రైలు ఉన్నంత దూరం రైలు, తర్వాత నడక. కొండలు. మన నల్లమల మాదిరే వెదురు. నీళ్లు మాత్రం లేవు. ముందర పోయినోళ్లు దారి పక్కన పడుంటారు. మొదట ముఖాలు చూసేటోళ్లం, తెలిసినోళ్లేమోనని. తర్వాత చూడ్డం మానుకున్నాం. అన్న మాత్రం చూసేటోడు. ప్రతి మజిలీ కాడా మమ్మల్ని లెక్కబెట్టేటోడు."

"కొండ దిగడానికి ఒక్క దినం ఉందనంగా ఏబేలుకు కలరా తగిలింది. ఒక కొట్టంలో పండబెట్టినాం. ఆ కొట్టంలోకి పోయినోళ్లను మల్ల ఎవరూ మోసుకురారు మామా. అట్లాంటి కొట్టం అది. వాడే అన్నాడు, మీరు పోండి అని. సముద్రం ఒడ్డుకు వచ్చేసరికి పడవ ఉంది. అన్న మమ్మల్ని ఐదుగుర్ని ఎక్కించినాడు. తానూ ఒక కాలు లోపల పెట్టినాడు."

అక్కడ ఆగాడు. వలి కొడుకు వీపు మీద చెయ్యి వేశాడు.

"పెట్టిన కాలు తీసినాడు. చొక్కా లోపల నుంచి కార్డు తీసినాడు. చెమటకు తడిసి అక్షరాలు అలుక్కపోయినాయి. ఆయనకు నోటికి వచ్చు కాబట్టి చదివినాడు."

ఏం చదివాడో అతను చెప్పనక్కరలేదు. అన్న పేరున ఉన్న పలక మా తలల మీదే ఉంది. 'తీసుకపోయిన వాళ్లందరినీ నువ్వే ఇంటికి తీసుకురా.' పోయిన ఉగాదికి నాయన చెప్పిన మాట. దానికి వారం ముందు ఏబేలు తల్లి మగ్దలీనమ్మ మా వాకిట్లోకి వచ్చి నాయనను అడిగింది. "నీ కొడుకు మాట మీద నా బిడ్డ పోయినాడు రంగన్నా. యుద్ధం వస్తాదంటున్నారు. వాణ్ణి ఎవరు తెస్తారు?" నాయన ఆ రోజు ఆమెకు జవాబు చెప్పలేకపోయాడు. ఉగాది నాడు పలక మీద చెప్పాడు.

"నేను పడవలో నుంచి చెయ్యి పట్టుకున్నా" అన్నాడు ముస్తాక్. "'రా అన్నా, ఏబేలు ఇంక లేడనుకో' అని బతిమాలినా. నా చెయ్యి విడిపించుకున్నాడు. 'మా నాయన మాట ఇది ముస్తాక్. మీ వదిన మాట కూడా ఇదే. ఆమెకు వేరే మాట ఉంటే కార్డులో ఒక ముక్కన్నా రాయించేది కదా' అన్నాడు. అని వెనక్కి తిరిగినాడు. కొండ దారిన పోతా ఉంటే కనపడినంత సేపు చూసినాం."

అమ్మ అడిగింది, "అప్పుడు ఒంట్లో బాగుందా వాడికి?"

"బాగుంది అత్తా."

"కాళ్లకు చెప్పులున్నాయా?"

ముస్తాక్ మా నాయన వైపు చూశాడు. "ఉన్నాయి" అన్నాడు. అబద్ధం చెబుతున్నాడని అందరికీ తెలిసింది.

నాయన "మాట నిలబెట్టినాడు" అన్నాడు. గర్వంగా అనబోయాడు. దగ్గు వచ్చింది. రాతి దుమ్ము పట్టిన రొమ్ము అది. దగ్గు మొదలైతే తొందరగా ఆగదు. ఆగేదాకా వదిన నిలబడింది. తర్వాత నడవలోకి వచ్చింది.

"మామా, ఆ పలక తుడువు."

"ఏ పలక?"

"ఆయనది."

నాయనకు వెంటనే అర్థం కాలేదు. అయినాక ముఖం మారింది. "తుడిస్తే ఏమయితాదో తెలిసే అంటున్నావా?"

"మాట తీసెయ్యమంటున్నా. మనిషిని కాదు. ఆ మాట మెడకు కట్టుకుని ఆయన కొండల్లో తిరుగుతున్నాడు. ఇంక చాలని ఎవరన్నా చెప్పాల కదా."

"ఈ ఇంట్లో ఆ రెండూ ఒకటేనమ్మా. పని కాకుండా పలక తుడిస్తే..." నాయన ఆ మాట పూర్తి చేయలేదు.

"అది ఆయన చెప్పుకున్న మాట కాదు. నువ్వు చెప్పిన మాట. నీ చేతిలో ఉండేది చెప్పు అని మా అందరికీ చెప్తావే. ఏబేలును బతికించేది ఆయన చేతిలో ఉందా?"

"మగ్దలీనమ్మకు నేనేం చెప్పాల?"

"ఆమెకు చెప్పడానికి నా మొగుణ్ణి పెట్టినావా?"

వలి తల వంచుకున్నాడు. నాయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. ఉలి పట్టి పట్టి బొటనవేలు పక్కకు తిరిగిపోయిన చేతులు. ఆయనను అట్లా అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

అప్పుడు వదిన నా వైపు తిరిగింది. ముస్తాక్ కార్డు మాట చెప్పినప్పటి నుంచి నేను ఆమె వైపు చూడలేదు.

"కొండయ్యా. నేను చెప్పింది రాసినావా?"

పోయిన ఉగాది మధ్యాహ్నం నేను కార్డు పట్టుకుని తపాలాకు బయలుదేరితే, వదిన పెరటి దారిలో ఎదురువచ్చి ఒక మాట చెప్పింది. కింద రాయమంది. కార్డులో బొటనవేలంత చోటు ఉంది. పట్టేది. నేను సరేనన్నాను. తపాలా దగ్గర కూర్చుని కలం తీశాను కూడా. నాయన చెప్పిన మాట ఒకటి, దాని కిందనే దానికి ఎదురు మాట ఇంకొకటి. నా చేత్తో ఆ రెండూ ఒక కార్డు మీద రాయలేకపోయాను. కలం మూసి, కార్డు పెట్టెలో వేసి వచ్చాను. ఏడాదిగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా వదిన రోజూ నాకు అన్నం పెట్టింది.

"రాసినావా?" అని మళ్లీ అడిగింది.

"లేదు."

"ఏం మాటరా?" అన్నాడు నాయన.

వదినే చెప్పింది. గోడకు చెప్పినట్టు చెప్పింది.

"'అందరూ రాకపోయినా నువ్వు రా' అని రాయమన్నా మామా. అంతే."

ముస్తాక్ రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. పడవ దగ్గర అన్న ఆ కార్డులో ఏం వెతికాడో అతనికే తెలుసు.

నాయన నన్ను చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను. లేదు.

"నాకు భయపడి రాయలేదా?"

తల ఊపాను.

"నాకు చదువు రాదు కదరా" అన్నాడు నాయన. "నువ్వు రాసినా నాకేం తెలుస్తాది?"

ఇన్నేళ్లు అయింది. నన్ను తిట్టినవాళ్లు ఉన్నారు, కొట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరి మాటా ఆ మాటంత లోతుకు దిగలేదు.

వదిన ఏడవలేదు. ముస్తాక్ ముందు కూర్చుని, ఊరి దారి అడిగినట్టు అడిగింది. "ఆ కొండల నుంచి వచ్చేటోళ్లు ఇంకా వస్తున్నారా?"

"దినామూ వస్తున్నారు వదినా. చిట్టగాంగు నుంచి రైల్లో కలకత్తా తెస్తారు. స్టేషను కాడ రేకుల కొట్టం ఉంది. దిగినోళ్ల పేరు, ఊరు రాసుకుంటారు. గంజి పోస్తారు."

"ఆ కొట్టం కాడ ఎవరన్నా కూర్చుంటే, వచ్చేటోళ్లందర్నీ అడగొచ్చు కదా?"

"అడగొచ్చు."

"మన తెలుగోళ్లు ఉన్నారా?"

"సగం మంది మనోళ్లే."

వదిన లేచింది. తన పేరున ఉన్న పలక గోడ మీద నుంచి తీసి నా ముందు పెట్టింది. అది తుడిచి ఉంది. గది గోడలు లేపిన మాట ఆ పొద్దున్నే నాయన తుడిచాడు.

"రాయి. కలకత్తా పోయి ఆ కొట్టం కాడ కూర్చుంటా. ఆయన వచ్చినా, ఆయన్ను చూసినోళ్లు వచ్చినా, నా మాట నేనే చెప్తా. ఏడాదంతా కూర్చుంటా. అది నా చేతిలో ఉండేదే కదా మామా?"

నాయన కాదనలేకపోయాడు. ఆయన కట్టుబాటే అది. "ఒక్కదానివి ఎట్ల పోతావమ్మా?" అన్నాడు. "గిద్దలూరు దాటి ఎరగవు."

"తోడు ఎవరొస్తారో నేను అడగను. ఒకరి మాట ఇంకొకరు పెడితే ఏమయిందో చూస్తిమి కదా. ఎవరి మాట వాళ్లే చెప్పాల."

అందరూ నన్ను చూశారు. నేను బలపం పట్టుకుని ఆమె మాట రాశాను. అక్షరాలు వంకర పోయాయి. రాసి తల ఎత్తేసరికి అమ్మ లేచి నిలబడి ఉంది.

పచ్చడి గిన్నె పక్కన ఉన్న గుడ్డ తీసుకుని చెంబులో ముంచింది. గోడ దగ్గరికి పోయింది. ఏం చేయబోతోందో నాయనకు నా కంటే ముందే తెలిసింది. "సుబ్బులూ, వద్దు" అన్నాడు. అమ్మ మా అన్న పలక మీద గుడ్డ పెట్టి ఒక్క మారు, పై నుంచి కిందికి తుడిచింది. నల్లగా తడిగా పలక మిగిలింది.

"నా పెద్దకొడుకు లేడు" అంది. "ఇంక ఎవరూ ఎక్కడికీ పోయే పని లేదు. ఒకణ్ణి పంపినా. రెండోవాణ్ణి పంపను."

నాగూర్ వలి, "అల్లా" అని లోగొంతుకలో అని లేచి నిలబడ్డాడు.

వదిన తడి పలక వైపు చూసింది. తర్వాత అమ్మను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నువ్వు తుడిచింది నీ కొడుకును అత్తా" అంది. "నా మొగుణ్ణి కాదు."

లోపలికి పోయి రెండు చీరలు, ఆ బొంత మూటకట్టుకుని వచ్చింది. నాయన కాళ్లకు, అమ్మ కాళ్లకు మొక్కింది. అమ్మ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. వాకిలి దాటి, వలి బండిలో పలకల కట్టల మధ్య గడ్డి సర్దుకుని కూర్చుంది.

ముస్తాక్ స్తంభం పట్టుకుని లేవబోయాడు. "దారి నాకు తెలుసు వదినా" అన్నాడు. వలి కొడుకు భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాడు. గట్టిగా నొక్కలేదు. అయినా ముస్తాక్ కూర్చుండిపోయాడు. వలి కళ్ల నీళ్లతో బండి దగ్గరికి పోయి, ఎద్దుల ముక్కుతాడు పట్టుకుని నిలబడ్డాడు. తోలలేదు.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు. ఆమె చేతి తడి నా చేతికి చల్లగా తగిలింది.

"కొండయ్యా" అన్నాడు నాయన. ఆ పేరు పిలవడానికి రెండు మార్లు ఊపిరి తీసుకున్నాడు. "మీ వదిన చెప్పింది, మీ అమ్మ చెప్పింది. ఇంక నువ్వు చెప్పాల. ఈ ఏడు నీ మాట ఏందో చెప్పు. నేను అడ్డం రాను."

అమ్మ పట్టు బిగించింది. వీధిలో ఎద్దులు మెడలు విదిలించాయి. నేను నోరు తెరిచాను.